సెట్‌టాప్ బాక్సులో ఎవరూ తెరవని పేజీ

ప్రతి సెట్‌టాప్ బాక్సులోనూ ఇంట్లోవాళ్ళు తెరవని పేజీ ఒకటి ఉంటుంది. డిష్ బిగించడానికి వచ్చిన మెకానిక్ దాన్ని కాసేపు చూసి, మూసేసి వెళ్ళిపోతాడు. మెనూలో ఇన్‌స్టలేషన్ అనో, సిగ్నల్ అనో దాని పేరు కనిపిస్తుంది. తెరిస్తే ఉపగ్రహం పేరు, ఫ్రీక్వెన్సీ, పోలరైజేషన్, సింబల్ రేటు, ఎఫ్‌ఈసీ, ఎల్‌ఎన్‌బీ అని వరసగా కొన్ని మాటలు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. అడుగున రెండు రంగు పట్టీలు: ఒకటి స్ట్రెంగ్త్, ఇంకొకటి క్వాలిటీ. ఆకాశం నుంచి మన గదిలోకి బొమ్మ వచ్చే దారి మొత్తం ఆ ఒక్క పేజీలో రాసి ఉంది. టీవీ చూసే ప్రతి ఇంట్లో కనీసం ఒక్కరికైనా దాన్ని చదవడం రావాలని నా పట్టుదల. అలా రావాలనడానికి బలమైన కారణమే ఉంది.

పాత అనలాగ్ టీవీ తన లోపాన్ని దాచుకునేది కాదు. సిగ్నల్ కాస్త తగ్గితే తెర మీద చుక్కలు పడేవి. ఇంకాస్త తగ్గితే గరగర మొదలయ్యేది. పక్క మేడకు తగిలి తిరిగొచ్చిన తరంగం వల్ల మనిషి పక్కన నీడలా మరో మనిషి కనబడేవాడు. మిద్దె మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే కిందనుంచి ఇంకొకరు ‘వచ్చింది, ఆగు, పోయింది’ అని కేకలు వేసేవారు. ఆ పద్ధతి పనిచేసేది కూడా, ఎందుకంటే బొమ్మే మీటరు. డిజిటల్ సిగ్నల్ తీరు వేరు. అంకెలు సరిగ్గా అందినంత సేపూ బొమ్మ ప్రసార కేంద్రం నుంచి బయల్దేరినట్టే వస్తుంది. సిగ్నల్ ఒక హద్దు కిందికి పడిందంటే గళ్ళు గళ్ళుగా పగిలి, బిగుసుకుపోయి, ఆగిపోతుంది. ఇంజినీర్లు దీన్ని క్లిఫ్ ఎఫెక్ట్ అంటారు. కొండ అంచుకు అడుగు దూరంలో ఉన్నా, మైలు దూరంలో ఉన్నా తెర మీద బొమ్మ ఒకేలా ఉంటుంది. అంచు ఎంత దూరాన ఉందో తెలియాలంటే ఆ పేజీలోని రెండో పట్టీ చూడవలసిందే.

పేజీలో మొదటిది ఉపగ్రహం. డీడీ ఫ్రీడిష్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఈ ప్రసార భారతి సేవకు నెలసరి చందా లేదు. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు. ప్రసారం జీశాట్-15 నుంచి వస్తుంది. 2015 నవంబరులో ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి ఏరియన్ రాకెట్ మీద వెళ్ళిన ఈ ఇస్రో ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తున భూమిని ఒక చుట్టు చుట్టడానికి ఎంత సేపు పడుతుందో భూమి తన చుట్టూ తాను తిరగడానికీ అంతే సేపు పడుతుంది. అందుకే అది మనకు ఎప్పుడూ ఆకాశంలో ఒకే చోట ఉంటుంది. హైదరాబాదు నుంచి లెక్కగడితే ఆ చోటు ఆగ్నేయ దిక్కున, నేల నుంచి దాదాపు 63 డిగ్రీల ఎత్తున వస్తుంది. నేల నుంచి పైకి వెళ్ళి తిరిగి దిగిరావడానికి సిగ్నల్‌కు సుమారు పావు సెకను పడుతుంది.

డిష్‌ను చూసేవాళ్ళకు ఇక్కడ ఒక సందేహం రావాలి. అరవై డిగ్రీల పైన ఉన్న ఉపగ్రహానికి గురిపెట్టిన డిష్ అంత నిటారుగా, ఎదురింటి మేడ వైపు చూస్తున్నట్టు ఎందుకుంటుంది? ఇళ్ళ మీద ఉండేది ఆఫ్‌సెట్ డిష్, అంటే ఒక పెద్ద పారబోలా నుంచి పక్క ముక్క కోసినట్టున్నది. దాని ముఖం ఎటు చూస్తోందో అక్కడికి ఇరవై పాతిక డిగ్రీల పైనుంచి వచ్చే తరంగాలను అది పోగుచేస్తుంది. అందువల్ల డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీ అనే డబ్బా నీడ డిష్ మీద పడదు, వాన నీళ్ళూ నిలవవు. డిష్ ఎదుట అడ్డం ఉందా అని చూసేటప్పుడు తిన్నగా ముందుకు చూస్తే సరిపోదు, బాగా పైకి చూడాలి. ఆగ్నేయాన ఎదుగుతున్న కొబ్బరి చెట్టు మూడేళ్ళకు సిగ్నల్‌ను కమ్మేయడం అలాగే జరుగుతుంది.

ఉపగ్రహం నుంచి నేరుగా ఊళ్ళోకి టీవీ రావడం మన తెలుగు పల్లెలకు ఇంటింటి డిష్‌తో, అంటే డీటీహెచ్‌తోనే, మొదలు కాలేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఏడాదిపాటు నడిచిన సైట్ ప్రయోగంలో నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలుగు ఒక ప్రసార భాష. ఇస్రో ఇంజినీర్లు కోళ్ళ గూళ్ళకు వాడే తీగ వలతో పదడుగుల డిష్‌లు తయారుచేశారు. ఈనాటి ఇంటి డిష్ రెండడుగులు. మరి అంత పెద్దది ఇంత చిన్నదిగా ఎలా మారింది?

డిష్ శక్తిని సెంటీమీటర్లలో కొలవకూడదు, తరంగదైర్ఘ్యాల్లో కొలవాలి. ఏటీఎస్-6 ప్రసారం 860 మెగాహెర్ట్జ్ మీద జరిగింది. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. పదడుగుల డిష్‌లో అలాంటివి తొమ్మిది కూడా పట్టవు. ఇప్పుడు ఇంటి డిష్‌లు అందుకునే, కేయూ బ్యాండ్ అనే తరంగం పొడవు 2.7 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్ల డిష్‌లో ఇరవై రెండు పడతాయి. తరంగాల లెక్కన చూస్తే ఇంటి మీది చిన్న డిష్ ఆ పదడుగుల వల కంటే పెద్దది. దీనికితోడు ఇప్పటి ఉపగ్రహాలు వదిలే సిగ్నలూ బలమైనదే. అయితే అలా పెద్దదవడంతో దాని చూపు కూడా సన్నబడింది. పదడుగుల వల ఆకాశంలో ఎనిమిది డిగ్రీల వెడల్పున చూస్తే, మన డిష్ మూడు డిగ్రీల మేర మాత్రమే చూస్తుంది. కోతులు గెంతినా, గాలివానకు నట్లు వదులైనా, డిష్ రెండు డిగ్రీలు కదిలితే చాలు, ఉపగ్రహం దాని చూపులోంచి తప్పుకుంటుంది.

వాన సంగతి కూడా తరంగదైర్ఘ్యంతోనే ముడిపడి ఉంది. వానచినుకు కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. రెండున్నర సెంటీమీటర్ల తరంగానికి అది లెక్కచేయవలసిన అడ్డంకే. కొంత శక్తిని తాగేస్తుంది, కొంత చెదరగొడుతుంది. కేబుల్ ఆపరేటర్ మేడ మీద కనబడే పెద్ద డిష్‌లు సీ బ్యాండ్‌వి. ఆ తరంగం ఏడెనిమిది సెంటీమీటర్లు, చినుకులకు అంతగా లొంగదు. జోరువానలో డిష్ ఇంట్లో టీవీ ఆగి, పక్కనే కేబుల్ ఇంట్లో సాగిపోతుంటే కారణం ఇదే. ఆకాశం తెరిపిగా ఉండి కూడా సిగ్నల్ తగ్గే రోజులు ఏడాదికి రెండు మార్లు వస్తాయి. మార్చి మొదటి సగంలో, మళ్ళీ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మొదటి వారాల్లో సూర్యుడు కొన్ని నిమిషాలపాటు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. సూర్యుడు కూడా రేడియో తరంగాలు వెదజల్లేవాడే కాబట్టి ఆ కాసేపు డిష్‌లో రొద పెరుగుతుంది. దానికి మరమ్మతు అక్కర్లేదు.

ఇక ఎల్‌ఎన్‌బీ. డిష్ ముందు కడ్డీ చివర ఉండే ఆ చిన్న డబ్బా మూడు పనులు చేస్తుంది. డిష్ పోగుచేసిన అతి బలహీనమైన సిగ్నల్‌ను లక్షల రెట్లు పెంచుతుంది. ఫ్రీక్వెన్సీని కిందికి దించుతుంది, ఎందుకంటే 11 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను మామూలు నల్ల కేబుల్‌లో వదిలితే కొద్ది మీటర్లలోనే నీరసించిపోతుంది. పేజీలో 11,090 మెగాహెర్ట్జ్ అని ఉంటే, ఎల్‌ఎన్‌బీ అందులోంచి తన సొంత ఫ్రీక్వెన్సీ 9,750ని తీసేసి 1,340ని కిందికి పంపుతుంది. అందుకే ఎల్‌ఎన్‌బీ పక్కన 9750, 10600 అనే అంకెలు ఉంటాయి. అవి తప్పుగా పెడితే డిష్ ఎంత సరిగ్గా ఉన్నా ఒక్క ఛానెలూ రాదు. మూడో పని పోలరైజేషన్‌ది. రేడియో తరంగం నిలువుగానూ ఊగగలదు, అడ్డంగానూ ఊగగలదు. నిలువు ఊపు మీద ఒక ఛానెళ్ళ బృందం, అదే ఫ్రీక్వెన్సీలో అడ్డం ఊపు మీద మరో బృందం పంపవచ్చు. ఏది కావాలో బాక్సు ఎల్‌ఎన్‌బీకి వోల్టేజీతో చెబుతుంది: 13 వోల్టులైతే నిలువు, 18 వోల్టులైతే అడ్డం. బొమ్మ దిగొచ్చే కేబుల్ మీదే ఈ కరెంటు పైకి వెళుతుంది. కొన్ని ఛానెళ్ళు వచ్చి కొన్ని అసలు రాకపోతే, రానివన్నీ ఒకే పోలరైజేషన్‌వా అని చూడండి. అవునంటే దానికి కావలసిన వోల్టేజీ పైదాకా అందడం లేదనో, ఎల్‌ఎన్‌బీ సగం చెడిందనో అనుమానించవచ్చు.

ఉపగ్రహంలో ఒక్కో ఫ్రీక్వెన్సీని అందుకుని, మరో ఫ్రీక్వెన్సీలోకి మార్చి, బలం పెంచి కిందికి వదిలే యంత్ర భాగం ట్రాన్స్‌పాండర్. జీశాట్-15లో అలాంటి కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు 24. అనలాగ్ రోజుల్లో ఒక ట్రాన్స్‌పాండర్ మీద ఒకటో రెండో ఛానెళ్ళు వచ్చేవి. ఇప్పుడెన్ని పడతాయో సింబల్ రేటు, ఎఫ్‌ఈసీ అన్న రెండు అంకెలతో మనమే లెక్కవేయవచ్చు.

సింబల్ రేటు అంటే తరంగం సెకనుకు ఎన్ని సార్లు స్థితి మారుతుందో చెప్పే అంకె. 27,500 అని ఉంటే అది వేలల్లో. సెకనుకు 2 కోట్ల 75 లక్షల మార్పులు. క్యూపీఎస్‌కే పద్ధతిలో తరంగం నాలుగు స్థితుల్లో ఏదో ఒకటి తీసుకుంటుంది కనుక ఒక్కో మార్పు రెండు బిట్లు మోస్తుంది. మొత్తం ఐదున్నర కోట్ల బిట్లు. ఎఫ్‌ఈసీ 3/4 అంటే ప్రతి నాలుగు బిట్లలో మూడు మాత్రమే సరుకు, నాలుగోది రక్షణ కోసం. దాని మీద ప్రతి 188 బైట్ల పొట్లానికీ మరో 16 బైట్ల రక్షణ కలుస్తుంది. అన్నీ పోను సెకనుకు సుమారు 3.8 కోట్ల బిట్లు మిగులుతాయి.

ఇప్పుడు బొమ్మ వైపు నుంచి చూద్దాం. మామూలు టీవీ బొమ్మలో 720 నిలువు వరసలు, 576 అడ్డు వరసల చుక్కలు. సెకనుకు 25 బొమ్మలు. చుక్కకు 16 బిట్లు. హెచ్చవేస్తే 16 కోట్ల 60 లక్షల బిట్లు. హెచ్‌డీ అయితే 83 కోట్లకు దగ్గర. మన దారి వెడల్పు 3.8 కోట్లు. అంటే కుదించకుండా పంపితే ఒక ట్రాన్స్‌పాండర్ మీద ఒక్క ఛానెల్‌లో పావు వంతు కూడా పట్టదు. డిజిటల్ టీవీకి ప్రాణం ఉపగ్రహంలో కంటే ఈ కుదింపులోనే ఉంది. దాని వెనక మనవాళ్ళున్నారని చాలామందికి తెలియదు.

బెంగళూరులో పుట్టి అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న నసీర్ అహ్మద్‌కు బొమ్మను కొసైన్ తరంగాల మొత్తంగా రాయవచ్చునన్న ఆలోచన వచ్చింది. దాని మీద పనిచేయడానికి 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగితే, వాళ్ళు ఇవ్వలేదు. ఆయన ఆపలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తోనూ, కె. ఆర్. రావుతోనూ కలిసి పనిచేసి 1974 జనవరిలో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ, అనే పత్రం ప్రచురించాడు. ఆ కె. ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్ యూనివర్సిటీలో దశాబ్దాలపాటు ఈ విద్య నేర్పిన ఆచార్యుడు. నిధులు దొరకని ఆ ఆలోచన తర్వాత జేపెగ్ ఫోటోలకూ, ఎంపెగ్ వీడియోకూ పునాది అయింది.

డీసీటీ చేసేది ఇది. బొమ్మను ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గళ్ళుగా విడదీస్తుంది. గడిలోని 64 చుక్కల వెలుగును నేరుగా రాయకుండా, ఆ వెలుగు గడిలో ఎంత నెమ్మదిగా, ఎంత వేగంగా మారుతోందో రాస్తుంది. ఆకాశం, గోడ, చెంప వంటి చోట్ల వెలుగు నెమ్మదిగా మారుతుంది కనుక మొదటి రెండు మూడు అంకెలతోనే విషయం అయిపోతుంది. మిగతావి దాదాపు సున్నాలు. కంటికి పట్టని సన్నని వివరాలను అక్కడే వదిలేస్తారు. దీనికి తోడు, వార్తలు చదివే మనిషి వెనక గోడను సెకనుకు పాతిక సార్లు పంపడంలో అర్థం లేదు. ఒక పూర్తి బొమ్మ పంపి, తర్వాతి వాటికి తేడాలు మాత్రం పంపుతారు. ఏ గడి ఎటు జరిగిందో చెబుతారు. ఆ పూర్తి బొమ్మను ఐ-ఫ్రేమ్ అంటారు. ఛానెల్ మార్చగానే ఒకటి రెండు సెకన్లు తెర నల్లగా ఉండడానికి ఒక ముఖ్య కారణం, బాక్సు తర్వాతి ఐ-ఫ్రేమ్ కోసం ఎదురుచూడడం. మధ్యలో తేడాలు పోతే తర్వాతి ఐ-ఫ్రేమ్ దాకా ఆ తప్పు తెర మీదే ఉంటుంది. వానలో బొమ్మ గళ్ళు గళ్ళుగా పగిలేది దాన్ని గళ్ళుగా విడదీసి పంపుతున్నందుకే.

ఈ విద్యతో ఎంపెగ్-2లో ఒక మామూలు ఛానెల్ సెకనుకు ముప్పై నలభై లక్షల బిట్లకు దిగుతుంది, ట్రాన్స్‌పాండర్‌కు పదికి పైగా ఛానెళ్ళు పడతాయి. 2003లో ఖరారైన ఎంపెగ్-4 రకం, హెచ్.264 అనేది, దాదాపు సగంతోనే సరిపెడుతుంది. ఫ్రీడిష్‌లో రెండు రకాల ప్రసారాలూ ఉన్నాయి. పాత ఎంపెగ్-2 బాక్సు కొత్త రకం ఛానెళ్ళను విప్పలేదు; డిష్ ఎంత తిప్పినా ఫలితం ఉండదు. ఛానెళ్ళు తక్కువ వస్తున్నాయని ఎవరైనా డిష్ మార్చమంటే, ముందు బాక్సు మీద ఎంపెగ్-4 అని రాసుందో లేదో చూడండి.

ఎఫ్‌ఈసీని ఇందాక ఒక్క వాక్యంలో దాటేశాను. దాని మీద కాస్త నిలవాలి, ఎందుకంటే నా దృష్టిలో ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే తెలివైన పని అదే. ఉపగ్రహం మన బాక్సుకు చెబుతుంది, మన బాక్సు తిరిగి ఏమీ చెప్పలేదు. సరిగ్గా వినబడలేదు, మళ్ళీ చెప్పు అనే అవకాశం లేదు. రొదగా ఉన్న ఫోనులో అంకెలు చెప్పేటప్పుడు చివర వాటి మొత్తం కూడా చెబితే, అవతలివాళ్ళకు ఒక అంకె వినబడకపోయినా తీసివేతతో పట్టుకోగలరు. ఎఫ్‌ఈసీ ఈ ఆలోచనకే గణితంలో చేసిన విస్తరణ. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు కనిపెట్టిన పద్ధతిలో, 188 బైట్లకు 16 బైట్లు చేర్చితే ఆ పొట్లంలో ఎక్కడైనా సరే, ఎనిమిది బైట్ల దాకా పాడైనా బాక్సు తనంతట తానే సరిచేసుకుంటుంది. ఒక మెరుపుకు వరసగా చాలా బైట్లు పోతాయేమోనని, పంపేముందే పక్కపక్క బైట్లను వేర్వేరు పొట్లాల్లోకి చెదరగొట్టి పంపుతారు. అప్పుడు ఒక పెద్ద దెబ్బ చాలా పొట్లాలకు చిన్న చిన్న గాయాలుగా సర్దుకుంటుంది.

ఇది డీవీబీ-ఎస్ అనే మొదటి తరం ప్రమాణంలోని పద్ధతి. 1993లో యూరప్‌లో ఏర్పడిన డీవీబీ సంస్థ రాసిన ప్రమాణాలే మన డీటీహెచ్‌కూ ఆధారం. రెండో తరమైన డీవీబీ-ఎస్2లో ఎల్‌డీపీసీ అనే రక్షణ వచ్చింది. దాన్ని రాబర్ట్ గ్యాలగర్ 1960లోనే ఎంఐటీలో తన పరిశోధన గ్రంథంలో రాశాడు. కానీ దాన్ని లెక్కవేసే సత్తా అప్పటి యంత్రాలకు లేదు. మూడు దశాబ్దాలపాటు దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు. చిప్‌లు ఎదిగాక బయటికి తీసి వాడారు. అదే ట్రాన్స్‌పాండర్ మీద, అదే బలంతో, ముప్పై శాతం దాకా ఎక్కువ సరుకు మోయడం సాధ్యమైంది.

ఇప్పుడు ఆ రెండు పట్టీల దగ్గరికి వెళదాం. స్ట్రెంగ్త్ అంటే కేబుల్ మీద బాక్సుకు అందుతున్న మొత్తం శక్తి. అందులో సిగ్నల్ ఉంటుంది, ఎల్‌ఎన్‌బీ చేర్చిన రొద కూడా ఉంటుంది. ఉపగ్రహమే లేని ఆకాశం వైపు డిష్ తిప్పినా చాలా బాక్సుల్లో స్ట్రెంగ్త్ సగానికి పైగా చూపిస్తుంది. క్వాలిటీ అంటే రొద కంటే సిగ్నల్ ఎంత పైన ఉంది, సరిచేయవలసిన తప్పులు ఎన్ని వస్తున్నాయి అన్నదానికి కొలత. మెకానిక్ స్ట్రెంగ్త్ చూపించి ‘ఫుల్లుగా ఉందండీ’ అంటే ఒప్పుకోకండి. డిష్‌ను వెంట్రుకవాసి కదిపి క్వాలిటీ పట్టీ గరిష్ఠానికి వచ్చినచోట నట్లు బిగించమని అడగండి. స్ట్రెంగ్త్ బాగుండి క్వాలిటీ పడిపోతే డిష్ కదిలిందనో, ఎదుట అడ్డం వచ్చిందనో అర్థం. రెండూ సున్నా అయితే తప్పు చాలాసార్లు కేబుల్‌లోనో, వానకు తుప్పు పట్టిన స్క్రూ పిన్నులోనో ఉంటుంది. రెండూ బాగానే ఉండి ఛానెల్ మాత్రం రాకపోతే అది సిగ్నల్ జబ్బు కాదు, తాళం సంగతి.

ఆ తాళం గురించి క్లుప్తంగా: చందా డీటీహెచ్‌లో బొమ్మను కలగాపులగం చేసి పంపుతారు. విప్పే తాళంచెవి కొన్ని సెకన్లకోసారి మారిపోతుంటుంది, అది కూడా సిగ్నల్‌తో పాటే గుప్తంగా వస్తుంది. మీరు రీఛార్జ్ చేశారన్న కబురు కూడా ఉపగ్రహం మీదుగా, మీ కార్డు నంబరు పేరిట, దేశమంతటికీ ప్రసారమవుతుంది. ఆ సమయంలో మీ బాక్సు ఆన్‌లో ఉంటేనే దాన్ని అందుకుంటుంది. రీఛార్జ్ చేశాక బాక్సును ఛానెల్ పెట్టి కాసేపు వదలమనేది ఇందుకే.

వానకు మాటిమాటికీ టీవీ ఆగే ఇళ్ళకు నా సలహా ఒకటే. 60 సెంటీమీటర్ల డిష్ తీసి 90ది పెడితే దాని విస్తీర్ణం రెండుంబావు రెట్లు అవుతుంది, కొండ అంచు అంత దూరం జరుగుతుంది. నాలుగు చినుకులకే ఆగే టీవీ అప్పుడు మామూలు వానను తట్టుకుంటుంది. కుంభవృష్టికి ఏ ఇంటి డిష్ కూడా నిలవదు.

డీటీహెచ్ సంస్థలనూ, బాక్సులు తయారుచేసేవారినీ అడగవలసినది ఒకటుంది. సినిమా పేర్లు, ఆఫర్లు తెలుగులో చూపించగలిగిన బాక్సుకు ఈ పేజీని తెలుగులో చూపించడం కష్టం కాదు. ప్రతి అంకె పక్కన అర్థం, క్వాలిటీ ఎంతకు తగ్గితే ప్రమాదమో ఒక గీత ఉంటే చాలు, చాలా ఇళ్ళకు మెకానిక్ ఖర్చు తప్పుతుంది. అది జరిగేలోపు మీరొక పని చేయండి. ఆకాశం తెరిపిగా, టీవీ చక్కగా వస్తున్న రోజున ఆ పేజీ తెరిచి, అంకెలన్నీ, క్వాలిటీ ఎంతుందో సహా, ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. ఒక్కో బాక్సు శాతాన్ని ఒక్కో రకంగా లెక్కిస్తుంది కాబట్టి పక్కింటివారి అంకెతో మీకు పని లేదు. పోల్చుకోవలసింది మీ బాక్సు నిన్నటి అంకెతోనే.